అడగాల్సింది రజామంది, పైసలు కాదు

మోటార్ న్యూరాన్ డిసీజ్ మన ఇళ్ళలోకి ఆ పేరుతో రాదు. ముందు కమ్జోరీ అనే పేరుతో వస్తుంది. కుర్తా గుండీ పెట్టుకోవడానికి వేళ్ళు సహకరించవు. నడుస్తుంటే చెప్పు కాలి నుంచి జారిపోతుంది. చాయ్ కప్పు పట్టు తప్పుతుంది. టానిక్కులు తాగిస్తాం. మాట ముద్దగా వస్తుంటే లఖ్వా అనుకుని నూనెతో మాలిష్ చేయిస్తాం. ఒక డాక్టర్ మెడలో నరం నొక్కుకుందంటాడు, ఇంకొకరు విటమిన్ తక్కువంటారు. ఇలా నెలలు గడిచిపోయాక ఏ పెద్దాసుపత్రిలోనో ఒక న్యూరాలజిస్ట్ అసలు పేరు చెబుతాడు. దీనికి పూర్తి ఇలాజ్ లేదని కూడా చెబుతాడు.

ఆ రోజు నుంచి ఆ ఇంటికి రెండు రకాల సలహాలు వస్తాయి. "ఫలానా ఊళ్ళో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తున్నారంట, నాలుగైదు లక్షలవుతుంది, ప్లాట్ పోతే పోయింది, మనిషి ముఖ్యం కదా" అనేది ఒకటి. "ఆసుపత్రిలో ట్రయల్ అంటారు, జాగ్రత్త, సంతకం పెట్టొద్దు, మన మీద ఎలుకల మీద చేసినట్టు ప్రయోగాలు చేస్తారు" అనేది రెండోది. చాలాసార్లు రెండూ ఒకే మనిషి నోటి నుంచి వస్తాయి.

ఈ రెండు సలహాలూ తలకిందులుగా ఉన్నాయన్నది నా రాయ్. చట్టం కాపలా ఉన్నదాన్ని, పైసా అడగనిదాన్ని చూసి భయపడుతున్నాం. ఏ కాపలా లేనిదానికి ఇల్లు అమ్మి కడుతున్నాం. ఎందుకలా అంటున్నానో కొంచెం వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు మాటల సంగతి. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. రెండు భాషల అఖ్బార్లూ చదివే ఆదత్ ఉంది. క్లినికల్ ట్రయల్‌ని ఉర్దూవాళ్ళు "తిబ్బీ ఆజ్మాయిష్" అంటారు. ఆజ్మాయిష్ అనగానే మన దిల్‌కి తట్టేది మందుల పరీక్ష కాదు, అల్లాహ్ తన బందాకి పెట్టే పరీక్ష, సబర్‌తో భరించాల్సింది. తెలుగు పేపర్లేమో "ప్రయోగం" అంటాయి. ప్రయోగం అంటే ఎవరో మన మీద చేసేది. ఒక మాటలో భరించడం ఉంది, ఇంకో మాటలో బలవడం ఉంది. రోగి కూర్చుని, విని, ఆలోచించి "సరే" అనే చోటు రెండింట్లోనూ లేదు. నాకు నచ్చే మాట తజ్రుబా. ఉర్దూలో దానికి అనుభవం అనీ అర్థం, ప్రయోగం అనీ అర్థం. తజ్రుబా ఉన్న మనిషి అని పెద్దల్ని గౌరవంగా అంటాం. ఏ మందు గురించైనా దునియాకి ఉన్న తజ్రుబా, ఎవరో కొందరు తమ ఒంటి మీదుగా సంపాదించి ఇచ్చిందే.

ఇక మర్జ్ సంగతి. మెదడు నుంచి, వెన్నుపాము నుంచి కండరాలకు హుకుం మోసుకెళ్ళే కణాలు మోటార్ న్యూరాన్లు. అవి ఒక్కొక్కటిగా చచ్చిపోతాయి. హుకుం అందని కండరం ఎండిపోతుంది. చెయ్యి, కాలు, నాలుక, గొంతు, చివరికి ఊపిరి పీల్చే కండరాలు. వీటిలో ఎక్కువ కనిపించే రకానికి ఏఎల్ఎస్ అని పేరు. ఫ్రాన్స్‌లో షార్కో అనే డాక్టర్ 1869లో దీన్ని వర్ణించాడు. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువమందికి మిగిలేది రెండు నుంచి ఐదేళ్ళు. కొందరిలో ఆలోచన కూడా మారుతుంది గానీ, చాలామందిలో అఖల్ చివరిదాకా సలామత్‌గా ఉంటుంది. వినపడుతుంది, అర్థమవుతుంది, జవాబివ్వడానికే ఒళ్ళు సహకరించదు. అన్ని కమ్జోరీలూ ఇదే కాదని కూడా చెప్పాలి. కుర్రవాళ్ళలో ఒక చెయ్యి మాత్రమే సన్నబడి, కొన్నేళ్ళకు అక్కడితో ఆగిపోయే హిరయామా అనే జబ్బు ఉంది. దక్షిణ భారతంలో చిన్న వయసులో చెవుడుతో పాటు వచ్చి, నెమ్మదిగా నడిచే ఒక రకానికి మద్రాస్ మోటార్ న్యూరాన్ డిసీజ్ అనే పేరే ఉంది. అందుకే తష్ఖీస్ సరిగ్గా జరగడం మొదటి పని.

ఈ మర్జ్ అందరిలో ఒకే వేగంతో నడవదు. ట్రయల్ ఎందుకు కావాలన్న సవాల్‌కి జవాబు ఇక్కడే ఉంది. స్టీఫెన్ హాకింగ్‌కి 1963లో, 21 ఏళ్ళ వయసులో ఈ జబ్బని చెప్పారు. రెండేళ్ళు బతికితే గొప్ప అనుకున్నారు. ఆయన 2018 దాకా బతికాడు. ఆ 1963లో ఎవరైనా ఆయనకి ఒక మాజూన్ డబ్బా ఇచ్చి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. 55 ఏళ్ళ పాటు ఆ మాజూన్ దునియా అంతా అమ్ముడుపోయేది. "హాకింగ్ సాబ్ వాడిన దవా" అని ప్రతి మొహల్లాలో బోర్డు ఉండేది. మందు పనిచేసిందా, ఆ మనిషి తఖ్దీర్‌లోనే నెమ్మది రకం ఉందా అన్నది ఒక్క మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు.

అందుకే రోగుల్ని రెండు గుంపులు చేస్తారు. ఎవరు ఏ గుంపులోకి అన్నది డాక్టర్ ఇష్టం కాదు, హజ్ కమిటీ ఖురా తీసినట్టు ఖురా తీస్తారు. ఒక గుంపుకి కొత్త మందు, ఇంకో గుంపుకి అచ్చం అలాగే కనిపించే ఖాళీ మందు. దాన్నే ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది వెళ్ళిందో రోగికీ తెలీదు, చూసే డాక్టర్‌కీ తెలీదు. మాట్లాడటం, మింగటం, రాయడం, నడవటం, ఊపిరి లాంటి 12 విషయాలకు మార్కులు వేసి, మొత్తం 48కి ఎంత తగ్గుతోందో నెలనెలా లెక్క రాస్తారు. చివర్లో తెర తీసి రెండు గుంపుల్నీ పోలుస్తారు.

ఇంత తతంగం లేకుండా నమ్మితే ఏమవుతుందో ఈ జబ్బు చరిత్రే చూపించింది. 2008లో ఇటలీ నుంచి ఒక చిన్న అధ్యయనం వచ్చింది. లిథియం ఇచ్చిన 16 మందిలో 15 నెలల్లో ఒక్కరూ చనిపోలేదని. ఖబర్ దునియా అంతా పాకింది. అమెరికాలో, యూరప్‌లో రోగులు తమంతట తామే లిథియం మింగడం మొదలుపెట్టారు. తర్వాత ఖురా తీసి, ప్లాసిబోతో పోల్చి చేసిన ట్రయల్స్ ఒకదాని తర్వాత ఒకటి చెప్పిన మాట ఒకటే, లాభం లేదు. మినోసైక్లిన్ కథ ఇంకా కఠినం. అది మొటిమలకి కూడా వాడే మామూలు యాంటీబయాటిక్. ఎలుకల్లో బాగా పనిచేసింది. "పోయేదేముంది, మామూలు గోలీయే కదా" అనుకోదగిన మందు. 412 మంది మీద అమెరికాలో జరిగిన ట్రయల్ ఫలితం 2007లో వచ్చింది. మందు తీసుకున్నవాళ్ళు ప్లాసిబో వాళ్ళకంటే 25 శాతం వేగంగా క్షీణించారు.

ఆ ఒక్క అంకె కోసం నేను ప్లాసిబో గుంపుకి సలాం చేస్తాను. వాళ్ళు లేకపోతే ఆ మందు నుక్సాన్ ఎవరికీ కనపడేది కాదు. "జబ్బే అలాంటిది" అనుకుని, మనవాళ్ళకి కూడా ఇవాళ్టికీ అదే గోలీ రాస్తుండేవాళ్ళు. చావు దగ్గర్లో ఉన్నవాడికి పోయేదేమీ లేదనే మాట అబద్ధం. నడవగలిగిన రోజులు ఉంటాయి, మాట్లాడగలిగిన రోజులు ఉంటాయి, తన చేత్తో తినగలిగిన ఒక రంజాన్ ఉంటుంది. అవన్నీ పోగలవు.

మరి ట్రయల్స్ వల్ల దొరికిందేమిటి? 1995లో అమెరికాలో అనుమతి పొందిన రిలుజోల్. సగటున రెండు మూడు నెలల ఆయుష్షు పెంచుతుంది. తక్కువే, కానీ నిజం. మన దగ్గర జెనరిక్‌గా దొరుకుతుంది. ఊపిరికి సాయం చేసే మాస్క్ మిషన్, బైపాప్, ఇంకా పెద్ద సంగతి. ఇంగ్లండ్‌లో 41 మంది మీద ఖురా తీసి చేసిన ట్రయల్ 2006లో వచ్చింది. మాట, మింగుడు మరీ దెబ్బతినని వాళ్ళలో ఈ మిషన్ వల్ల సుమారు 205 రోజుల జీవితం పెరిగింది, నిద్రా ఊపిరీ సుఖపడ్డాయి. ఏ మందూ ఇంతవరకు మామూలు ఏఎల్ఎస్ రోగికి ఇవ్వలేనిది ఒక గాలి మిషన్ ఇచ్చింది. దాన్ని పొగుడుతూ వాట్సాప్ వీడియో మాత్రం నాకు ఒక్కటీ రాలేదు.

గెలిచినట్టే కనిపించి ఓడిన మందు కథ కూడా మనకి తెలియాలి. అమెరికాలో బ్రౌన్ యూనివర్సిటీలో చదువుతున్న ఇద్దరు కుర్రాళ్ళు, జాషువా కోహెన్, జస్టిన్ క్లీ, రెండు పాత పదార్థాల్ని కలిపి ఒక మందు ఆలోచించారు. కంపెనీ పేరు అమిలిక్స్. 2014లో జనం నెత్తిన ఐస్ నీళ్ళు పోసుకుని పోగేసిన చందాలో కొంత దీనికీ వెళ్ళింది. 137 మంది మీద 24 వారాల ట్రయల్‌లో క్షీణత కొంచెం తగ్గింది. రోగులు, వాళ్ళ ఘర్‌వాలాలు వీధికెక్కారు, మాకు టైమ్ లేదు, ఇజాజత్ ఇవ్వండి అని. సలహా కమిటీ మొదట 6-4తో వద్దంది, కొన్ని నెలల తర్వాత 7-2తో సరేనంది. పెద్ద ట్రయల్‌లో ఓడితే మందు వాపసు తీసుకుంటామని క్లీ ఆ కమిటీ ముందు వాదా చేశాడు. 2022 సెప్టెంబర్‌లో రెలివ్రియో పేరుతో ఇజాజత్ వచ్చింది. ఏడాదికి లక్షా 58 వేల డాలర్లు. అప్పటి లెక్కలో మన డబ్బు సుమారు కోటీ ముప్పై లక్షలు. 2024 మార్చిలో 664 మందితో 48 వారాలు చేసిన పెద్ద ట్రయల్ ఫలితం వచ్చింది. మందుకీ ప్లాసిబోకీ తేడా లేదు. ఏప్రిల్‌లో కంపెనీ మందుని మార్కెట్ నుంచి తీసేసింది. వాదా నిలబెట్టుకుంది.

ఇది చదివి "చూశారా, అంతా మోసమే" అనేవాళ్ళు ఉంటారు. నేను దీన్ని ఇంకోలా చదువుతాను. 664 మంది రజామంది ఇచ్చి నిలబడ్డారు కాబట్టి, కోట్ల రూపాయల ఝూటీ తసల్లీ రెండేళ్ళలోపే ఆగిపోయింది. మన దేశంలో ఏ స్టెమ్ సెల్ క్లినిక్కైనా ఇలా "మా ఇంజెక్షన్ పనిచేయలేదు, ఇక అమ్మం" అని చెప్పిందా?

ఓడినట్టే కనిపించి తలుపు తెరిచిన మందు కూడా ఉంది, టోఫెర్సెన్. ఎస్ఓడీ1 అనే జన్యువులో తేడా వల్ల ఈ జబ్బు రావచ్చని 1993లో తేలింది. ఏఎల్ఎస్ రోగుల్లో సుమారు రెండు శాతం మంది వీళ్ళు. ఆ జన్యువు హుకుంని ఆపే మందు ఇది, వెన్నులోకి ఇంజెక్షన్‌గా ఇస్తారు. 108 మంది ట్రయల్‌లో 28 వారాలకి అనుకున్న లక్ష్యం అందలేదు. కానీ నరాలు దెబ్బతింటున్నప్పుడు రక్తంలో పెరిగే ఒక పదార్థం సగానికి పైగా తగ్గింది. మందు ముందుగా మొదలుపెట్టిన వాళ్ళు, ఆలస్యంగా మొదలుపెట్టిన వాళ్ళకంటే ఏడాది నాటికి మెరుగ్గా ఉన్నట్టు కనిపించింది. 2023 ఏప్రిల్‌లో అమెరికా షరతులతో అనుమతి ఇచ్చింది. నూటికి ఇద్దరికే. అయినా మర్జ్ మూలాన్ని పట్టుకున్న మొదటి ఇలాజ్.

ఇప్పుడు మన ఇంటి విషయం. మా ఖాలూ ఒకాయన, రాయలసీమలో చిన్న ఊళ్ళో టైలరింగ్ షాపు. కత్తెర పట్టు తప్పడంతో మొదలైంది. జబ్బు పేరు తెలిశాక ఖాలా నాకు ఫోన్ చేసింది. "బేటా, నువ్వు అఖ్బార్‌లో ఉన్నావు కదా, ఈ ఇంజెక్షన్ సంగతి కనుక్కో" అని ఒక వీడియో పంపింది. వీల్‌చెయిర్‌లోంచి లేచి ఒకతను నడుస్తున్నాడు, వెనక మ్యూజిక్. ఆ క్లినిక్‌కి ఫోన్ చేసి, ఇది ట్రయలా, అయితే రిజిస్ట్రేషన్ నంబర్ చెప్పండి అన్నాను. "ట్రయల్ కాదు సార్, ట్రీట్‌మెంట్" అంది అవతలి అమ్మాయి. సంతకం కోసం ఖాలా చేతికి ఇచ్చిన ఇంగ్లీషు కాగితంలో మాత్రం, ఇది ప్రయోగ దశలో ఉన్న పద్ధతి, ఫలితానికి మా బాధ్యత లేదు అని రాసి ఉంది. పైసలు తీసుకునేటప్పుడు ఇలాజ్, జిమ్మేదారీ వచ్చేసరికి ప్రయోగం!

నా షక్ నేను చెప్పాను. కానీ కొడుకులు ఏం చేస్తారు? రేపు అబ్బాజాన్ పోతే "పైసల కోసం వెనకాడారు" అనే ఖాందాన్ మాట పడాలి. ప్లాట్ అమ్మి రెండు ఇంజెక్షన్లు వేయించారు. ఖాలూ ఒంట్లో ఏ మార్పూ రాలేదు. ఆ తర్వాత రాత్రిళ్ళు ఊపిరాడక లేచి కూర్చుంటుంటే, బైపాప్ మిషన్ కొనడానికి అప్పు చేయాల్సి వచ్చింది. నా గుస్సా ఆ కొడుకుల మీద కాదు. వాళ్ళ మొహబ్బత్‌కి రేటు కట్టినవాళ్ళ మీద.

స్టెమ్ సెల్స్ మీద నిజమైన ట్రయల్ జరగలేదా అంటే జరిగింది. నూరోన్ అనే పద్ధతిలో రోగి ఎముక మజ్జ నుంచే కణాలు తీసి, మార్చి, వెన్నులోకి ఎక్కించారు. చివరి దశ ట్రయల్ 2020లో లక్ష్యం అందుకోలేదు. అయినా రోగుల ఒత్తిడితో 2023 సెప్టెంబర్‌లో అమెరికాలో బహిరంగ విచారణ జరిగింది. సలహా కమిటీ 17-1తో సబూత్ చాలదంది. కంపెనీ దరఖాస్తు వెనక్కి తీసుకుంది. ఎవరెవరికి ఇచ్చారు, ఏమైంది అన్న లెక్కంతా బయటపెట్టి చేసినవాళ్ళే ఒప్పించలేని చోట, ఒక్క లెక్కా చూపించని క్లినిక్‌కి లక్షలు ఎందుకు కడుతున్నాం? మన ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాలు కూడా, కొన్ని రక్త సంబంధ జబ్బులు వగైరా తప్ప మిగతా స్టెమ్ సెల్ వాడకమంతా ఇంకా పరిశోధనేనని, ట్రయల్ బయట ఇవ్వకూడదని చెబుతున్నాయి.

ఇక రెండో సలహా, ట్రయల్ అంటే భయం. ఈ భయాన్ని నేను హేళన చేయను. దానికి మన నేల మీదే కారణం ఉంది. 2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం వైపు, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేశారు. చాలామంది ఆదివాసీ, పేద పిల్లలు. "డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్ట్" అని పేరు పెట్టారు. కొన్ని మరణాల ఖబర్లతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు, ఆ మాట చెప్పడం ఇన్సాఫ్. కానీ రజామంది సంగతి ఘోరం. పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 నివేదిక ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలే ఉన్నాయి, 2,763 మీద సంతకం పెట్టింది హాస్టల్ వార్డెన్లు. అమ్మానాన్నల హఖ్‌ని వార్డెన్ ఎలా వాడుకుంటాడు?

ఆ కాలపు పోరాటాల వల్లే తర్వాత ఖానూన్ మారింది. 2013లో సుప్రీంకోర్టు రజామంది తీసుకోవడాన్ని వీడియో తీయాలంది. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాలు వచ్చాయి. వాటిలో మనకి పనికొచ్చేవి ఇవి. ప్రతి ట్రయల్‌నీ ఒక ఎథిక్స్ కమిటీ చూడాలి, కనీసం ఏడుగురు, సగం మంది ఆ సంస్థకి సంబంధం లేనివాళ్ళు. ట్రయల్‌ని ప్రభుత్వ రిజిస్ట్రీ సీటీఆర్ఐలో నమోదు చేయాలి, అందులో ఎవరైనా ఉచితంగా వెతికి చూసుకోవచ్చు. చదవడం రాని మనిషైతే, ఎటూ సంబంధం లేని ఒక గవాహ్ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని సంతకం పెట్టాలి. ట్రయల్‌లో నుక్సాన్ జరిగితే వైద్యం ఉచితం, దానికి ట్రయలే కారణమైతే పరిహారం. ఏ రోజైనా, ఏ కారణమూ చెప్పకుండా బయటికి రావచ్చు. వచ్చినందుకు మామూలు వైద్యం ఆపకూడదు.

ఇదేమీ మనకి కొత్త తరీఖా కాదు. నికాహ్‌లో వకీల్, ఇద్దరు గవాహ్‌లు అమ్మాయి దగ్గరికి వెళ్ళి, అబ్బాయి పేరు, తండ్రి పేరు, మహర్ ఎంతో చెప్పి రజామంది అడుగుతారు. పేరు చెప్పకుండా, మహర్ చెప్పకుండా అడిగితే అది అడగడం కాదని మనకి తెలుసు. ట్రయల్‌లోనూ అంతే. ఏ మందు, ఏ ఖత్రా, ప్లాసిబో వచ్చే అవకాశం ఎంత, ఎన్నిసార్లు ఆసుపత్రికి రావాలి, అన్నీ చెప్పి, ఆ మనిషినే అడగాలి. ఆ మనిషినే అంటున్నాను. మన ఇళ్ళలో జబ్బు పేరు రోగికి చెప్పరు, "ఆయన దిల్ తట్టుకోదు" అని. సంతకం బడే భాయి పెడతాడు. అఖల్ సలామత్‌గా ఉన్న మనిషికి తన ఒంటి గురించి చెప్పకుండా మనమే సంతకాలు పెడుతూ పోతే, ఖమ్మం వార్డెన్‌కీ మనకీ ఫరఖ్ ఎంత? చెయ్యి కదలకపోతే వేలిముద్ర ఉంది, గవాహ్ ఉన్నాడు. మాట రాకపోతే కళ్ళతో "అవును" అంటారు. అడిగే ఓపిక మనకుండాలి.

ప్లాసిబో మీద ఉన్న ఎతరాజ్‌కి జవాబు చెప్పకుండా ముగించడం సరి కాదు. "మనిషికి ఉన్నదే రెండేళ్ళు, అందులో ఆరు నెలలు ఖాళీ మందు ఇస్తారా?" ఈ ప్రశ్నలో ఉన్న గుస్సా హఖ్. ముందు ఒక తసల్లీ, ఈ జబ్బు ట్రయల్స్‌లో సాధారణంగా రిలుజోల్ వాడుతున్నవాళ్ళు దాన్ని కొనసాగించవచ్చు, ప్లాసిబో గుంపులో ఉన్నా సరే. రెండోది, ఆ గుస్సా ట్రయల్స్‌నే మార్చింది. 2020లో అమెరికాలో, మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఆధ్వర్యంలో హీలీ ప్లాట్‌ఫామ్ ట్రయల్ మొదలైంది. అందులో ఒకే కప్పు కింద అనేక మందుల్ని పరీక్షిస్తారు, ప్లాసిబో గుంపు అందరికీ ఉమ్మడి. ప్రతి నలుగురిలో ముగ్గురికి అసలు మందే వెళ్ళేలా మొదలుపెట్టారు. 24 వారాలయ్యాక అర్హులైన అందరికీ అసలు మందు తీసుకునే వీలు ఇచ్చారు. రోగులు డిమాండ్ చేశారు, సాయన్స్ తన తరీఖా మార్చుకుంది. మన దేశంలోనూ మనం ఇదే అడగాలి. ప్లాసిబోనే వద్దనడం కంటే, వీలైనంత తక్కువమందికి, వీలైనంత తక్కువకాలం ఉండేలా ట్రయల్ కట్టమనడం సరైన డిమాండ్.

మనం ట్రయల్స్ బయటే ఉండిపోతే ఇంకో నుక్సాన్ ఉంది. యూరప్ రోగుల్లో ఈ జబ్బుకి ఎక్కువగా కనిపించే జన్యు కారణం సీ9ఓఆర్ఎఫ్72. ఆసియా వాళ్ళలో అది చాలా తక్కువ. అక్కడి ఒంటి మీద తేలిన జవాబులన్నీ ఇక్కడి ఒంటికి సరిపోతాయని అనుకోలేం. 2001లో ఏఎల్ఎస్2 అనే జన్యువు బయటపడింది, చిన్నప్పుడే మొదలయ్యే రకానికి కారణం. దాన్ని పట్టించింది ట్యునీసియాలో దగ్గరి బంధువుల మధ్య పెళ్ళిళ్ళు జరిగిన ఒక ఖాందాన్. వాళ్ళు రక్తం ఇచ్చి ఉండకపోతే ఆ సంగతి తేలడానికి ఇంకెంత కాలం పట్టేదో. చాచా, ఖాలా పిల్లల మధ్య రిష్తాలు ఉండే మన ఇళ్ళకి ఈ మిసాల్ దూరంది కాదు. ఖాందాన్‌లో ఇద్దరికి ఈ మర్జ్ వస్తే దాచకండి, జన్యు పరీక్ష గురించి న్యూరాలజిస్ట్‌ని అడగండి. టోఫెర్సెన్ లాంటి మందు ఎవరికి పనికొస్తుందో ఆ పరీక్షే చెబుతుంది.

కొందరు పెద్దలు "షిఫా అల్లాహ్ చేతిలో ఉంది, ఈ గొడవంతా ఎందుకు" అంటారు. షిఫా ఆయన చేతిలోనే ఉంది, నేనూ మానను కదా దువా. కానీ ఒంటెని కట్టేసి తవక్కుల్ చేయమన్న ఉమ్మత్ మనది. ఏ మందు నిజమో, ఏది ఝూట్ అని తేల్చడం కూడా ఆ ఒంటెని కట్టే పనే.

కాబట్టి మీ ఇంటికి ఈ మర్జ్ వచ్చి, ఎవరైనా కొత్త దవా అన్నారంటే నాలుగు సవాళ్ళు అడగండి. ఒకటి, సీటీఆర్ఐ నంబర్ ఎంత? రెండు, ఈ మందుకి మా దగ్గర పైసలు తీసుకుంటారా? తీసుకుంటామంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, ట్రయల్‌లో ప్రయోగ మందుకి రోగి పైసలు కట్టకూడదు. మూడు, నుక్సాన్ జరిగితే ఎవరి జిమ్మా, రాసి ఇస్తారా? నాలుగు, ట్రయల్ అయిపోయాక, మందు మావాడికి లాభం చేస్తున్నట్టుంటే కొనసాగిస్తారా? డాక్టర్ సిఫారసు చేసి, ఎథిక్స్ కమిటీ ఒప్పుకుని, వేరే ఇలాజ్ లేకపోతే, కంపెనీ ఉచితంగా ఇవ్వాలని 2019 నియమాల్లో ఉంది. ఈ సవాళ్ళకి చిరాకు పడే చోట సంతకం పెట్టకండి. ఓపిగ్గా జవాబిచ్చే చోట, ఇంట్లో కూర్చుని మష్వరా చేసుకుని, మనసు ఒప్పుకుంటే పెట్టండి.

ఆసుపత్రులకి, కంపెనీలకి నా డిమాండ్ ఒకటి ఉంది. రజామంది కాగితం రోగికి అర్థమయ్యే జబాన్‌లో ఉండాలన్నది రూల్. తెలుగు కాగితం ఇస్తే సరిపోయిందనుకోకండి. హైదరాబాద్ పాతబస్తీలో, కర్నూలులో, కడపలో ఉర్దూ తప్ప చదవలేని పెద్దవాళ్ళు ఉన్నారు, ఏ లిపీ చదవలేని వాళ్ళూ ఉన్నారు. మా అమ్మీలకి, ఖాలాలకి వాళ్ళ జబాన్‌లో కూర్చుని చదివి వినిపించే మనిషిని పెట్టండి. మనలో చదువుకున్న పిల్లలు చాలామంది ఉన్నారు, ఫార్మసీ, నర్సింగ్, బయోటెక్ చేసినవాళ్ళు. ఈ పనికి వాళ్ళు ముందుకు రావాలి.

ట్రయల్ దొరకకపోవచ్చు, దొరికినా మీవాళ్ళు షరతులకి సరిపోకపోవచ్చు. అప్పుడు చేతులు ముడుచుకోనక్కర్లేదు. రిలుజోల్ గురించి అడగండి. రాత్రి నిద్ర చెడుతుంటే, పొద్దున తలనొప్పి ఉంటుంటే, ఊపిరి పరీక్ష చేయించి బైపాప్ గురించి అడగండి. మింగడం కష్టమైతే, ఒళ్ళు మరీ తగ్గిపోకముందే పొట్టలోకి ట్యూబ్ గురించి అడగండి. మాట పోకముందే వాళ్ళ గొంతు ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి. ప్లాట్ ఇంకా అమ్మకపోతే, అమ్మకండి. ఆ మనిషికీ, చూసుకునే ఆడవాళ్ళకీ ముందున్న నెలల్లో ఆ పైసలు కావాలి.